నిమ్ములో నిప్పు

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు సుజాత వదిన తెనాలి వచ్చింది. వదిన నాకు మేనత్త కూతురు, గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు. నాన్న ముప్ఫై రెండేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. డిసెంబరు ఆఖరు వారంలో ఆయనకి నిమ్ము చేసింది, అంటే న్యుమోనియా. కుడి ఊపిరితిత్తి కింది భాగం ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు తెల్లగా కనపడింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చారు.

వదిన వచ్చేసరికి ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. వేలికి ఆక్సీమీటర్, ఒళ్ళో ఒక సీసా. పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన యాంటీఆక్సిడెంట్ మాత్రలవి. విటమిన్ సి, విటమిన్ ఇ, జింక్, సెలీనియం, గ్లూటాథయోన్, పసుపు సారం అన్నీ ఒకే మాత్రలో ఉన్నాయని దాని మీద రాసి ఉంది. అలాంటిది వదిన చీటీలో రాయలేదని ఆయనకి కినుక.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వాదించుకున్నది గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఎవరి మాటనీ తగ్గించలేదు. ఈ వాదనలో నాకు సొంత బాధ ఒకటుంది. అది చివర చెబుతాను.

నాన్న: క్రిమిని చంపావు సుజాతా, కాదనను. మూడో రోజుకి జ్వరం దిగింది. కానీ జ్వరం దిగాక కూడా బాత్రూం దాకా నడిస్తే ఆయాసం వచ్చింది, పది రోజులు. క్రిమి చచ్చాక ఆ ఆయాసం ఎవరి వల్ల? మన తెల్లకణాలు పెట్టిన మంట వల్ల. సగం రోగానికి మందిచ్చి సగం రోగాన్ని వదిలేశావు.

వదిన: ఆ మంట ఎలా అంటుకుంటుందో మీరే చెప్పండి మావయ్యా. కెమిస్ట్రీ మీది.

నాన్న: చెబుతా విను. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం క్రిమిని మింగగానే మామూలు కంటే ఎన్నో రెట్లు ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అది బతకడానికి కాదు, ఆయుధం చేసుకోవడానికి. దాని పొరలో ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. అది ఆక్సిజన్‌కి ఒక ఎలక్ట్రాన్ అంటగట్టి సూపరాక్సైడ్ చేస్తుంది. సూపరాక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. పెరాక్సైడ్‌కి మన ఒంట్లోని ఉప్పు తోడైతే హైపోక్లోరస్ ఆమ్లం. మున్సిపాలిటీ వాళ్ళు బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే నీళ్ళలో పుట్టి క్రిముల్ని చంపేది ఆ ఆమ్లమే. అదే నా ఊపిరితిత్తిలో తయారవుతోంది! బ్లీచింగు చుక్క పడిన చొక్కా ఎలా చిరుగుతుందో నీకు నేను చెప్పాలా?

వదిన: మీరన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యను. దాన్ని మీరు కళ్ళారా చూశారు కూడా. ఆస్పత్రిలో మూత డబ్బాలో ఉమ్మేవారు, ఏ రంగులో ఉండేది?

నాన్న: మొదటి రెండు రోజులు ఇటుకపొడి రంగు. తర్వాత పసుపు. ఆ తర్వాత ఆకుపచ్చ, పచ్చిమిరపకాయలు నూరినట్టు. అది చూసి మా అమ్మాయి ఏడ్చింది.

వదిన: ఆ ఆకుపచ్చ కుళ్ళు రంగు కాదు. పెరాక్సైడునీ ఉప్పులోని క్లోరైడునీ కలిపే ఎంజైము ఒకటుంది, మైలోపెరాక్సిడేజ్. అందులో ఇనుము ఉంటుంది. ఆ ఇనుము కూర్చున్న తీరు వల్ల ఆ ఎంజైమే ఆకుపచ్చగా ఉంటుంది. 1941లో స్వీడన్‌కి చెందిన ఆగ్నర్ చీములోంచి దాన్ని వేరుచేసినప్పుడు, రంగును బట్టే వెర్డోపెరాక్సిడేజ్ అని పేరు పెట్టాడు. పచ్చ పెరాక్సిడేజ్ అని అర్థం. మీ డబ్బాలో ఉన్నది పని ముగించుకుని చనిపోయిన తెల్లకణాల రాశి.

నాన్న కాసేపు మాట్లాడలేదు. లోహాలు ఎందుకు రంగులు చూపిస్తాయో ఏటేటా బోర్డు మీద రాసి చెప్పిన మనిషి ఆయన. తన కఫంలోనే ఆ పాఠం ఉందని ఆయనకి తట్టలేదు. నాకు మాత్రం ఆ డబ్బా చూసి ఏడ్చిన పూట మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఆ రంగు ఏమిటో అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో.

నాన్న: సరే, ఆకుపచ్చ నువ్వు చెప్పావు. ఇటుకపొడి రంగు నేను చెబుతా. రక్తనాళాలు లీకై ఎర్రకణాలు గాలి గదుల్లోకి కారాయి. అవి పగిలితే ఇనుము బయటపడుతుంది. ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే ఏం జరుగుతుందో 1894లో ఫెంటన్ టార్టారిక్ ఆమ్లం మీద చూపించాడు, మన చింతపండులో ఉండే పులుపు మీద. అక్కడ పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అన్నిటికన్నా పొగరుబోతు. పుట్టిన చోటే, ఎదురుగా ఏదుంటే దాన్ని కరుస్తుంది. కొవ్వుని కరుస్తుంది, ప్రొటీన్‌ని కరుస్తుంది, డీఎన్‌ఏని కూడా వదలదు. ఇదంతా ఎక్కడ జరుగుతోంది? గాలి గదుల గోడల్లో. వాటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు, ఈ ఇల్లంత జాగా. కానీ ఆ గోడ మందం కాగితం మందంలో నూరో వంతు కూడా ఉండదు. అంత పల్చటి గోడ పక్కన నిప్పు రాజేస్తే ఏం మిగులుతుంది?

వదిన: ఇంకా ఉందా?

నాన్న: ఉంది. తెల్లకణం ఎలాస్టేజ్ అనే ఇంకో ఎంజైము వదులుతుంది. ఊపిరితిత్తి సాగి ముడుచుకోవడానికి ఎలాస్టిన్ అనే నార ఉంది కదా, దాన్ని అది కొరుకుతుంది. కొరక్కుండా ఆపడానికి లివరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే కావలివాణ్ణి పంపుతుంది. వాడి చేతిలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. దానికి ఒక్క ఆక్సిజన్ అతుక్కుంటే చాలు, చెయ్యి పడిపోతుంది. అంటే ఈ బ్లీచింగు ముందు కావలివాణ్ణి పడగొడుతుంది, ఆ వెనకే దొంగ లోపలికి వస్తాడు. ఇంత తెలిసీ నన్ను ఈ సీసా మూత తియ్యొద్దంటావేంటమ్మా?

వదిన: ఇప్పుడు నా వంతు. నేను పీజీ చదివే రోజుల్లో నాలుగేళ్ళ బాబు వార్డుకి వచ్చాడు. అది మూడో న్యుమోనియా. డొక్కలు ఎగరేస్తున్నాడు. రక్తంలో తెల్లకణాలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. అవి క్రిమి దగ్గరికి వెళ్తున్నాయి, మింగుతున్నాయి కూడా. చంపలేకపోతున్నాయి. ఎన్‌బీటీ అని ఒక పసుపు రంగు ద్రావణంతో పరీక్ష చేసేవాళ్ళం. సూపరాక్సైడ్ తగిలితే అది ముదురు నీలం అవుతుంది. మైక్రోస్కోపు కింద నా తెల్లకణాలు నీలంగా మారాయి. ఆ బాబువి గంట తర్వాత చూసినా తెల్లగానే ఉన్నాయి. మీరు ఇందాక తిట్టిన ఆక్సిడేజ్ ఎంజైము ఆ బాబుకి పుట్టుకతోనే లేదు.

నాన్న: క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్.

వదిన: అదే. 1950లలో డాక్టర్లు దీన్ని గుర్తించిన కొత్తలో పేరులోనే ప్రాణాంతకం అన్న మాట ఉండేది. మంట లేని ఊపిరితిత్తి ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పిల్లల ఎక్స్‌రేలు చూడాలి. మామూలు స్టెఫైలోకాకస్, గోడ మీద బూజులా పెరిగే ఆస్పర్‌జిల్లస్, మన ఒళ్ళు రోజూ తేలిగ్గా చంపేసేవే ఆ పిల్లల ఊపిరితిత్తుల్లో గూళ్ళు కట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి మందులు మింగాలి, లేదా ఎముక మజ్జ మార్చాలి. ఆ బాబుని చూశాక నాకు ఆ నిప్పు మీద కోపం పోయింది.

నాన్న: లేని మంట గురించి నువ్వు చెబుతున్నావు. ఎక్కువైన మంట గురించి నేను అడుగుతున్నా.

వదిన: ఎక్కువా తక్కువా అన్నది కూడా ఎవరి వైపు నుంచి చూస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అని ఎందుకంటారు? బంగారు రంగులో ఉంటుందని. ఆ బంగారు రంగు స్టెఫైలోజాంథిన్ అనే కెరొటినాయిడ్‌ది, మన క్యారెట్లో ఉండే పదార్థం లాంటిదే. అదే దాని యాంటీఆక్సిడెంట్. ఆ రంగు తీసేసిన స్టెఫైలోకాకస్‌ని తెల్లకణాలు తేలిగ్గా చంపుతాయి. 2005లో అమెరికాలో ఎలుకల మీద చూపించారు. అంటే ఆ క్రిమి ఒంటికి కవచం తొడుక్కుని వస్తోంది. పైగా దాని దగ్గర పెరాక్సైడ్‌ని నీళ్ళుగా మార్చే కెటలేజ్ ఉంది. యుద్ధం మధ్యలో మనం గుప్పెడు యాంటీఆక్సిడెంట్లు కుమ్మరిస్తే అవి మన వాళ్ళకే చేరతాయని హామీ ఎవరిస్తారు?

నాన్న: మరి నాకొచ్చింది న్యుమోకాకస్ అన్నావుగా. దానికి కెటలేజ్ లేదు. పైగా అది తనే పెరాక్సైడ్ తయారుచేసి మన మీద పోస్తుంది. రక్తం కలిపిన అగార్ మీద దాన్ని పెంచితే చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది, అది ఆ పెరాక్సైడ్ పనే. నిప్పు పెట్టేది శత్రువైనప్పుడు ఆర్పడానికి నీకు అభ్యంతరం ఏమిటి?

ఇక్కడ నాన్నదే పైచెయ్యి అనిపించింది. వదిన కూడా వెంటనే బదులివ్వలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి సీసా చేతిలోకి తీసుకుంది, మూత తియ్యకుండా.

వదిన: ఒప్పుకున్నా. మీ ఊపిరితిత్తిని మీ కణాలతో పాటు ఆ క్రిమి కూడా కాల్చింది. ఆర్పాలి. ఆర్పేది ఎవరు అన్న దగ్గరే మనకి తేడా. మీ ఊపిరితిత్తి గోడ మీద పల్చటి నీటి పొర ఉంటుంది. 1987లో అమెరికాలో ఆ పొరని కడిగి తీసి కొలిచారు. గ్లూటాథయోన్ రక్తద్రవంలో ఉన్నదానికి 140 రెట్లు ఉంది అందులో. నూట నలభై రెట్లు మావయ్యా! ఎక్కడ గాలి తగులుతుందో అక్కడే, గోడకి పూత పూసినట్టు. సిగరెట్టు తాగేవాళ్ళలో ఇంకా ఎక్కువ ఉంది, ఎందుకంటే రోజూ పొగ పడుతోందని ఆ గోడకి తెలుసు. సూపరాక్సైడ్‌ని విడగొట్టే డిస్మ్యుటేజ్ ఎంజైముని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ బయటపెట్టారు. అందులో ఒక రకం కణం బయట, కణాల మధ్య సందుల్లో కాపలా కాస్తుంది. దాన్ని 1982లో మార్క్‌లుండ్ మనిషి ఊపిరితిత్తి ముక్కలోంచే వేరుచేశాడు. ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఈ మాత్రలో ఉన్న గ్లూటాథయోన్ మూడు అమైనో ఆమ్లాల ముక్క. మింగితే చాలావరకు పేగుల్లోనే విడిపోతుంది. మీ కుడి ఊపిరితిత్తి కింది భాగానికి దారి దానికి తెలీదు.

నాన్న: పేగు సంగతి వదిలెయ్. సూదితో ఎక్కించవచ్చు. న్యుమోనియా రాగానే రక్తంలో విటమిన్ సి పడిపోతుంది, ఇది నువ్వూ కాదనలేవు. తెల్లకణం తన లోపల రక్తంలో కంటే 50 నుంచి 100 రెట్లు విటమిన్ సి దాచుకుంటుంది. ఎందుకు దాచుకుంటుంది? తను రాజేసిన నిప్పుకి తను కాలిపోకుండా. విటమిన్ సి లేక స్కర్వీ వచ్చినవాళ్ళు చివరికి న్యుమోనియాతో పోయేవాళ్ళని పాత డాక్టర్లు రాసి పెట్టారు. మనిషి ఒళ్ళు విటమిన్ సి తయారుచేసుకోలేదు. మేక చేసుకుంటుంది, మనం చేసుకోలేం. మరి బయట నుంచి ఇవ్వొద్దంటే ఎలా? పౌలింగ్ ఊరికే చెప్పాడా?

పౌలింగ్ అంటే నాన్నకి దేవుడు. రసాయన బంధాల గురించి ఆయన పుస్తకంతోనే నాన్న కెమిస్ట్రీలో పడ్డారు. రెండు నోబెళ్ళు వచ్చిన ఆ మనిషి 1970లో విటమిన్ సి మీద పుస్తకం రాశాక, మా ఇంట్లో జలుబు చేస్తే పుల్లటి బిళ్ళ చప్పరించాల్సిందే.

వదిన: పౌలింగ్ చెప్పిన దాన్ని జనం కొట్టిపారెయ్యలేదు మావయ్యా, పరీక్షించారు. 2019లో అమెరికాలో 167 మంది మీద, ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళ మీద, విటమిన్ సి సూదితో ఎక్కించి చూశారు. అవయవాలు కోలుకోవడంలో తేడా లేదు. కానీ చావులు తగ్గినట్టు కనపడింది, 46 శాతం చోట 30 శాతం. నేనూ ఆశపడ్డా. అబద్ధం చెప్పను, ఐసీయూలో ఇద్దరు ముగ్గురికి ఎక్కించా కూడా. 2022లో అంతకన్నా పెద్ద పరీక్ష వచ్చింది, 872 మంది మీద. విటమిన్ సి ఇచ్చినవాళ్ళలో నెల తిరక్కుండా చనిపోయినవాళ్ళు, అవయవాలు కోలుకోనివాళ్ళు కలిపి 44.5 శాతం. ఉత్త సెలైన్ లాంటిది ఇచ్చినవాళ్ళలో 38.5. మేలు జరగకపోగా కీడు జరిగింది. ఆ కాగితం చదివిన రోజు నేను ఎక్కించడం మానేశా.

నాన్న: ఎందుకు కీడు జరిగింది?

వదిన: ఖాయంగా ఎవరూ తేల్చలేదు. కానీ మీరు కెమిస్ట్రీ చెప్పారు కదా, ఇనుము ఉన్న చోట విటమిన్ సి ఏం చేస్తుంది?

నాన్న: ఫెర్రిక్‌ని ఫెర్రస్ చేస్తుంది. ఫెర్రస్ అయితే... (ఆగారు) మళ్ళీ ఫెంటన్ చర్య మొదలవుతుంది.

వదిన: గాజు పాత్రలో అయితే ఖాయంగా అవుతుంది. ఒంట్లో ఎంతవరకో వేరే సంగతి. కానీ యాంటీఆక్సిడెంట్ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అది అన్ని చోట్లా ఆర్పే పనే చెయ్యదు. పేరు దానికి మనం పెట్టిందే కదా. ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్టు తాగే మగవాళ్ళకి బీటా కెరొటిన్ ఇచ్చి చూశారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని. 1994లో లెక్క తేలింది. బీటా కెరొటిన్ తీసుకున్నవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

నాన్న: అది క్యాన్సర్. జింక్ మాటేమిటి?

వదిన: బంగ్లాదేశ్‌లో పిల్లలకి న్యుమోనియాలో జింక్ ఇస్తే త్వరగా తేరుకున్నారని 2004లో వచ్చింది. మనకి దగ్గర్లో వేలూరులో రెండేళ్ళలోపు పిల్లల మీద చేస్తే 2006లో ఏ మేలూ కనపడలేదు. తట్టు తర్వాత వచ్చే న్యుమోనియాలో విటమిన్ ఎ మాత్రం వేరే కథ. 1990లో కేప్‌టౌన్‌లో 189 మంది పిల్లల్లో 12 మంది చనిపోయారు. ఆ 12లో 10 మంది విటమిన్ ఎ అందనివాళ్ళు. దాన్ని నేను కళ్ళు మూసుకుని రాస్తా. ఎందుకంటే తట్టు ఒంట్లోని విటమిన్ ఎ ని ఊడ్చేస్తుంది. పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్ళకి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కూడా అంతే. లివర్లో గ్లూటాథయోన్ అయిపోయిందని తెలుసు, దాన్ని తయారుచేసే సరుకు అందిస్తాం, మనిషి బతుకుతాడు. అదే మందుని ఊపిరితిత్తులు దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్ళకి 1990లలో ఇచ్చి చూశారు. చావులు తగ్గలేదు. నిజంగా లేమి ఉన్న చోట అందిస్తే మందు. లేమి ఉందో లేదో తెలీకుండా కుమ్మరిస్తే దాన్ని వైద్యం అనలేను.

నాన్న: మరి స్టిరాయిడ్? నాలుగు రోజులు నాకు హైడ్రోకార్టిసోన్ ఎక్కించావు. అది మంట తగ్గించడం కాదా? నీ సిద్ధాంతం నువ్వే తప్పావు.

వదిన: అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఫ్రాన్స్‌లో 800 మంది మీద చేసిన పరీక్ష 2023లో వచ్చింది. తీవ్రమైన న్యుమోనియాలో హైడ్రోకార్టిసోన్ ఇస్తే చావులు 11.9 శాతం నుంచి 6.2కి తగ్గాయి. మీది ఆ కోవలోకి వచ్చింది కాబట్టి ఇచ్చా. కానీ కరోనాలో ఏం తేలిందో గుర్తు చేసుకోండి. 2020లో బ్రిటన్‌లో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ పరీక్ష. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో చావులు 41 శాతం నుంచి 29కి దిగాయి. ఆక్సిజన్ అవసరమే పడనివాళ్ళలో మామూలు వైద్యంతో 14 శాతం పోతే, స్టిరాయిడ్ ఇచ్చినవాళ్ళలో 17.8. ఆ తేడా ఖాయమని చెప్పేంత కాదు, కానీ మేలు మాత్రం లేదు. మందు ఒకటే, జబ్బు ఒకటే. ఎప్పుడు, ఎవరికి అన్నదే తేడా. మన ఊళ్ళలో మొదటి రోజే స్టిరాయిడ్ మింగి షుగర్ పెరిగి, ఆ తర్వాత బ్లాక్ ఫంగస్‌తో వచ్చినవాళ్ళని నేను చూశాను.

నాన్న: అంటే నువ్వు చెప్పేది, ఒళ్ళు తనంతట తనే ఆర్పుకుంటుంది, మనం చేతులు కట్టుకు కూర్చోవాలి.

వదిన: ఎలా ఆర్పుకుంటుందో ఒక్కటి చెప్పనివ్వండి, అది మీకు నచ్చుతుంది. కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ ఉంది. మామూలు రోజుల్లో కీప్1 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని పట్టుకుని, ఎప్పటికప్పుడు ముక్కలు చెయ్యడానికి పంపిస్తూ ఉంటుంది. కీప్1 ఒంటి నిండా సిస్టీన్లు, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు.

నాన్న: గంధకం అయితే ముందు అదే ఆక్సీకరణం అవుతుంది.

వదిన: అవుతుంది. అవగానే కీప్1 పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 తప్పించుకుని న్యూక్లియస్‌లోకి వెళ్ళి, గ్లూటాథయోన్ చేసే జన్యువుల్ని లేపుతుంది. పగిలిన ఎర్రకణాల్లోంచి వచ్చిన హీమ్‌ని విరగ్గొట్టే ఎంజైముని లేపుతుంది. అందులోంచి బయటపడ్డ ఇనుముని దాచిపెట్టే ఫెరిటిన్‌ని లేపుతుంది. మీరు చెప్పిన ఇటుకపొడి రంగుకి విరుగుడు అదే. ఇదంతా 1990ల చివర జపాన్‌లో యమమోటో బృందం విప్పి చూపించింది. కబురు మోసుకెళ్ళేది ఆ నిప్పే మావయ్యా. సెగ తగిలితేనే కీప్1 వదులుతుంది. సెగ తగలకుండా ముందే ఆర్పేస్తే ఆ కబురు వెళ్ళదు.

నాన్న సీసా వదిన చేతిలోంచి తీసుకుని వెనక రాసింది మళ్ళీ చదివారు. గంధకం మాట ఆయన మీద పనిచేసిందని నాకు అర్థమైంది. అయినా వదల్లేదు.

నాన్న: పసుపు కూడా ఆ కీప్1 మీద పనిచేస్తుందని చదివాను.

వదిన: పళ్ళెంలో పెంచిన కణాల మీద చేస్తుంది. మింగిన పసుపు సారం రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. కూరలో వేసుకోండి, పాలల్లో వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఇక చేతులు కట్టుకు కూర్చోవడం అన్నారు. నాలుగో రోజు రాత్రి నర్సు వచ్చి మీ ఆక్సిజన్ మీటర్ తిప్పింది, గుర్తుందా?

నాన్న: బాగా గుర్తుంది. వేలికి 98 చూపిస్తోంది. హాయిగా ఉంది. వచ్చి తగ్గించేసింది. ఆక్సిజన్ దగ్గర కూడా పిసినారితనమా అనుకున్నా.

వదిన: తగ్గించమన్నది నేనే. 96 దాటనివ్వొద్దని చార్టు మీద రాశా. 1899లో లోరెన్ స్మిత్ ఎలుకల్ని గాఢమైన ఆక్సిజన్‌లో ఉంచితే వాటి ఊపిరితిత్తులు న్యుమోనియా వచ్చినట్టు వాచిపోయాయి. ఎందుకో 1954లో రెబెకా గెర్ష్‌మన్ చెప్పింది, అర్జెంటీనా ఆవిడ. ఎక్స్‌రేలు ఒంటిని ఎలా కాలుస్తాయో ఎక్కువైన ఆక్సిజనూ అలాగే కాలుస్తుంది, రెండింటిలోనూ ఫ్రీ రాడికల్సే అని. తక్కువైతే ప్రాణం పోతుంది కాబట్టి ఆక్సిజన్ పెట్టాం. అవసరానికి మించితే మీరు చెప్పిన నిప్పుకే గాలి కొట్టినట్టు, అందుకని తగ్గించాం. నేను మీకిచ్చిన యాంటీఆక్సిడెంట్ వైద్యం అదే మావయ్యా. వేళకి యాంటీబయాటిక్ వెయ్యడం కూడా అదే. క్రిమి చస్తే తెల్లకణాలు రావడం ఆగుతుంది, అవి రాకపోతే నిప్పు ఉండదు.

నాన్న: మరి నా పది రోజుల ఆయాసం?

వదిన: గాలి గదుల్లో చనిపోయిన తెల్లకణాల్ని మాక్రోఫేజ్ అనే కణాలు ఒక్కొక్కటే మింగి శుభ్రం చెయ్యాలి, గోడ మీద కొత్త కణాలు పరుచుకోవాలి. మీ వయసులో ఎక్స్‌రే తెల్లమచ్చ పూర్తిగా పోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఒక్కోసారి పన్నెండు. ఆ పనికి కోడిగుడ్డు కావాలి, పప్పు కావాలి, జామకాయ కావాలి, నిద్ర కావాలి. ఇంకోటి కావాలి.

వదిన ఏమంటుందో నాన్నకి తెలుసు. ఆయన చూపు తలుపు వెనక తగిలించిన పాత చొక్కా జేబు మీదకి వెళ్ళింది.

వదిన: సిగరెట్టు ఒక్క దమ్ములో ఉండే ఫ్రీ రాడికల్స్ లెక్క లక్ష కోట్లకి వెయ్యి రెట్లు. ముప్ఫై ఏళ్ళు రోజూ పీల్చారు. ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి ముట్టలేదని తెలుసు. అలాగే ఉంచండి. వచ్చే నెల న్యుమోకాకస్ టీకా వేయిస్తా. పిల్లలకి 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు, అరవై అయిదు దాటిన మీకు మనమే వేయించుకోవాలి. సీసా మీ ఇష్టం.

నాన్న: వేలూరులో కనపడకపోతే తెనాలిలో కనపడకూడదని లేదుగా సుజాతా.

వదిన: లేదు. కానీ కనపడిందని ఎవరైనా లెక్కతో చూపించే వరకు నేను చీటీలో రాయను.

అక్కడితో వాళ్ళ వాదన ఆగింది. నాన్న ఓడిపోలేదు. ఊపిరితిత్తిలో నిప్పు పుడుతుందని, అది ఇంటినీ కాలుస్తుందని ఆయన అన్నది నిజమే. ఏదో ఒక రోజు ఆ నిప్పు పుట్టిన చోటికే, పుట్టిన గంటకే చేరే మందు వస్తుందని ఆయన నమ్మకం. రావాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ ఇవాళ అంగట్లో దొరికే సీసాలో అది లేదు. ఈ విషయంలో నేను వదిన పక్షం.

ఇక నా బాధ. డిసెంబరు 24 ఉదయం నాన్న నన్ను మా మేనత్త పేరుతో పిలిచారు. జ్వరం పెద్దగా లేదు. కొంచెం దగ్గు. నీరసం వల్ల తికమక పడుతున్నారనుకున్నాను. మిరియాల కషాయం పెట్టాను, విటమిన్ సి, జింక్ మాత్రలు తెచ్చి రెండు రోజులు మింగించాను. ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి నాకు దక్కింది. మూడో రోజు రాత్రి ఆయన ఎగశ్వాసతో లేచి కూర్చుంటే గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 34 ఊపిర్లు. ఆక్సీమీటర్ 86 చూపించింది. ఆ మాత్రలు నాన్నని ఏమీ చెయ్యలేదు. ఆ రెండు రోజులు చేశాయి.

వయసు మళ్ళినవాళ్ళకి జ్వరం లేకుండా కూడా నిమ్ము వస్తుంది. తికమకే మొదటి గుర్తు కావచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు దగ్గుతూ మాట తడబడుతుంటే, వాళ్ళ గుండెల మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం పూర్తిగా ఊపిర్లు లెక్కపెట్టండి. 30కి చేరితే తెల్లారే దాకా ఆగకండి. రెండు నెలలు నిండి ఏడాది లోపు పసివాళ్ళకి 50, ఏడాది నుంచి అయిదేళ్ళ పిల్లలకి 40. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కపెట్టడానికి కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.